కొంగల మీద పడ్డ వెలుగు

వెలుతురు విషయంలో నాతో ఎవరూ వాదించకూడదని ముప్పై ఏళ్ళుగా నా నమ్మకం. నర్సింహులపేట మెయిన్ రోడ్డు మీద రేకుల షెడ్డు నాది. బండ్లకు కరెంటు పని చేస్తాను. ఇంజన్ మేస్త్రీలు మోచేతుల దాకా నల్లనూనె పూసుకుని ఏదో యుద్ధం చేస్తున్నట్టు కనబడతారు గానీ, నన్నడిగితే బండికి అందమూ ఆయువూ రెండూ దాని కళ్ళలోనే ఉంటాయి. నా భార్య బషీరున్నీసా నన్ను లైట్ల నవాబు అని వెక్కిరిస్తుంది. వెక్కిరింపే అయినా వినడానికి నాకు బాగానే ఉంటుంది.

జనవరి మొదట్లో కల్పన తన పాత సుమోను నా షెడ్డు ముందు ఆపింది. పాతికేళ్ళ బండి. ఆమె భర్త వేణు జనగామలో ఎవరి దగ్గరో కొన్నాడు. అతను భూపాలపల్లిలో బొగ్గు డంపర్ నడుపుతాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. బండి వాకిట్లో ఊరికే నిలబడి తుప్పు పట్టడం చూడలేక కల్పన తానే నడపడం నేర్చుకుంది, లైసెన్సు తీసుకుంది. మిర్చి ఏరే ఆడవాళ్ళను పొద్దున్నే చేన్లకు చేరవేయడం మొదలుపెట్టింది. మొత్తం పన్నెండు మంది. వాళ్ళకు పెద్దదిక్కు రాములమ్మ. మా చుట్టుపక్కల కారు నడిపే ఆడమనిషి కల్పన ఒక్కతే. ఆమె బండి పోతుంటే మగవాళ్ళు చాయ్ గ్లాసు దించి మరీ చూసేవాళ్ళు, ఎక్కడైనా గుద్దుతుందేమోనన్న ఆశతో.

"రజాకన్నా, లైటేస్తే తొవ్వ కనవడతలేదు. లైటున్నదని మాత్రం కనవడుతున్నది," అంది.

వేసి చూశాను. నిజమే. గుడ్డి దీపాలు. ముసలి బండ్లన్నిటికీ వచ్చే జబ్బే అది. కరెంటు బ్యాటరీలో బయల్దేరి, స్టీరింగు దగ్గరి స్విచ్చుకు పోయి, పాతబడ్డ సన్నతీగల్లో ఊరంతా తిరిగి, బల్బు దగ్గరికి వచ్చేసరికి నీరసించి కూలబడుతుంది. బల్బుదేం తప్పు లేదు, దానికి తిండి అందడం లేదు.

"తెల్లయి ఎల్ఈడీ బల్బులు దొరుకుతయట గదా, అవ్వి పెడితే అయిపోతది గదన్నా?"

"ఆ తెల్ల బల్బులు పెట్టించుకునుడైతే ఇంకో షెడ్డు జూసుకో," అన్నాను. నాకు ఆ తెలుపంటే ఒళ్ళు మంట. దారి మీద ఎవరో సున్నం పారబోసినట్టుంటుంది. మనిషికి కావలసింది పొద్దు వాలేటప్పటి ఎండలాంటి వెలుగు. అది చూస్తే ఇల్లు గుర్తుకు రావాలి.

రెండు రోజులు ఆ బండి మీదే కూర్చున్నాను. బ్యాటరీ నుంచి లావుపాటి తీగలు తిన్నగా లైట్లకు లాగాను, స్విచ్చు మీద భారం పడకుండా మధ్యలో రిలేలు పెట్టాను. మానుకోట పోయి కొత్త అద్దాలు, మంచి బల్బులు తెచ్చాను. కాగితాల మీద మహబూబాబాద్ అంటారు గానీ మా నోటికి అది మానుకోటే. రెండో రోజు మునిమాపు వేళ బండిని షెడ్డుకెదురుగా ఉన్న పాత వడ్ల గోదాం గోడ ముందు, ఇరవై ఐదడుగుల దూరంలో నిలబెట్టాను. ఆ గోడకు ప్రతి ఏడూ నేనే సున్నం వేస్తాను. దాని మీద సుద్దముక్కతో అడ్డగీత గీసి, లైటు పైఅంచు సరిగ్గా గీత మీద ఆనేదాకా మరలు తిప్పుతాను. ముప్పై ఏళ్ళుగా నా పద్ధతి అదే. డాక్టరు కారైనా, పంతులు కారైనా ఆ గోడకు దండం పెట్టుకునే పోవాలి.

లైటు వేశాను. గోడంతా తేనె పూసినట్టయింది. కల్పన నోరు తెరిచి నిలబడింది. నేను కూడా, నిజం చెప్పొద్దూ, నా పనిని నేనే చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. పూర్తి లైటు వేసి, మళ్ళీ ఎదురుబండి వచ్చినప్పుడు కిందికి దించే లైటు వేసి, అలా పైకీ కిందికీ డిప్పర్ కొడుతూ ఆడుకున్నాను.

వారం తిరక్కముందే రాములమ్మ తనవాళ్ళను వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చింది, మిర్చి ఘాటుకు తుమ్ముతూ.

"రజాకూ, ఏం లైట్లు వెట్టినవయ్యా! పొద్దుగాల చెరువుకట్ట మీద పోతుంటే చెట్ల మీద పండుకున్న కొంగలు సుత కనవడుతున్నయి. తెల్లగ మల్లెపూలు పూసినట్టే. ముప్పై రెండు లెక్కవెట్టిన. ఒకటి కన్ను తెరిచి నన్నే జూసింది."

"మరి తాటిచెట్టు మీది కల్లులొట్టి సంగతి జెప్పవేందక్కా!" అని వెనకనున్న బుచ్చి అందుకుంది. "ఎవల లొట్టి నిండిందో, ఎవలది నిండలేదో కిందికెల్లే తెలుస్తున్నది. కల్లు గీసే గౌండ్లాయన కంటె ముందుగాల మాకే ఎరుక."

అందరూ నవ్వారు. బండి ఎక్కగానే మునగదీసుకుని నిద్రపోయే ఆడవాళ్ళు ఇప్పుడు కిటికీలకు ముఖాలానించి మేలుకుని ఉంటున్నారట. చింతచెట్ల కొమ్మలు తల మీదుగా వెలుగుతూ పోతుంటే పనికి పోతున్నట్టే ఉండదట, ఎక్కడికో పెళ్ళికి పోతున్నట్టుంటుందట. నేను అందరికీ చాయ్ తెప్పించాను. నేను చాయ్ తెప్పించడం ఎంత అరుదో బజారుకంతా తెలుసు.

ఆ రాత్రి నాకు కల వచ్చింది. కల్పన బండి నేల మీద కాకుండా కొమ్మల మధ్యనుంచి పోతోంది, చప్పుడు లేదు. కొంగలు ఒక్కొక్కటే రెక్కలు సర్దుకుని దారి ఇస్తున్నాయి. పొద్దున లేచి బషీరున్నీసాకు చెప్తే, కలలో కూడా లైట్లేనా అని మొట్టికాయ వేసింది. నేనెంత పొంగిపోయానంటే, ఒక్క ముక్క మాత్రం నాకు తట్టలేదు. దారి మీద పడాల్సిన వెలుగు చెట్ల మీద ఎందుకు పడుతోంది? పదేళ్ళ పిల్లవాడైనా అడగాల్సిన మాట. పొగడ్త చెవిలో పడితే బుర్ర పని చేయదు. అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు.

పదకొండో రోజు తెల్లవారుజామున పొగమంచు పట్టింది. తండా నుంచి చాంద్యా తన మోపెడ్ మీద పాలక్యాన్లు వేసుకుని ఎదురుగా వస్తున్నాడు. కల్పన బండి మలుపు తిరిగింది. చాంద్యా కళ్ళు మూసుకుపోయి, మోపెడ్‌తో సహా ఎండిన కాలువలో పడ్డాడు. బండి అతణ్ణి తాకను కూడా లేదు. మోకాలి కింద ఎముక విరిగింది. పన్నెండు మంది ఆడవాళ్ళూ దిగి అతణ్ణి ఎత్తి సుమోలోనే పడుకోబెడితే, కల్పన మానుకోట దవాఖానకు తీసుకుపోయింది.

మధ్యాహ్నానికే చాయ్ హోటల్లో తీర్పు అయిపోయింది.

"డిప్పర్ గొట్టలేదట. గా మాత్రం తెల్వకపోతే స్టీరింగు ఎందుకు వట్టాలె?"

"ఆడామె నడిపితే గట్లనే ఉంటది."

కల్పన ఒక్కటే మాట చెప్పింది. "నేను డిప్పర్ గొట్టిన." ఎవరూ నమ్మలేదు. చాంద్యాయే లైటు దించలేదని చెప్తుంటే ఇంకెవరు నమ్ముతారు? నేనూ అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాను. పొగమంచు గదా అని ఏదో గొణిగాను.

రెండు రోజులకు చాంద్యాను చూడటానికి దవాఖానకు పోయాను. అతని మోపెడ్ హారన్ నేనే బాగుచేస్తుంటాను, మంచివాడు. కాలికి పట్టీ వేసుకుని పడుకున్నాడు. ఎట్లైందిరా అని అడిగాను.

"ఏం జెప్పాలె అన్న. లైటు సక్కగ మొఖం మీదికే వచ్చింది. కింద తొవ్వ మీద ఏం లేదు, శీకటే. లైటంత పైననే ఉన్నది. పొద్దు పొడిచి ఎదురొస్తున్నదనుకున్న."

తెచ్చిన సంత్రా పళ్ళు నా చేతిలోనే ఉండిపోయాయి. కింద చీకటి, లైటంతా పైన. రాములమ్మ లెక్కపెట్టిన కొంగలు, బుచ్చి చూసిన లొట్టి, నా కల, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. నేను లైట్లు సరిచేసింది ఖాళీ బండికి. నా గోడ ముందుకొచ్చే డాక్టరైనా పంతులైనా పెళ్ళాంతో కలిపి ఇద్దరే ఎక్కుతారు. సుమోలో పన్నెండు మంది, వాళ్ళ సద్దిమూటలు, నీళ్ళ డబ్బాలు. వెనక చక్రాల మీది స్ప్రింగు పట్టీలు ముసలివి. వెనక కుంగితే ముందు లేస్తుంది. కల్పన డిప్పర్ కొట్టినా సరే, ఆ దించిన లైటు కూడా మనిషి కళ్ళలోకే పోతుంది. ఆమె అబద్ధం చెప్పలేదు.

ఇది తెలిసిన మనిషి వెంటనే పరుగెత్తి చెప్పాలి. నేను చెప్పలేదు. మూడు రోజులు ఊరుకున్నాను. చాయ్ హోటల్లో ఎవరైనా సుమో అంటే చాలు, గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు లేచి వచ్చేసేవాణ్ణి. ముప్పై ఏళ్ళ పేరు. పెద్ద పెద్దవాళ్ళు రజాక్ గీత గీస్తే గీతే అంటారు. అది పోతుందని నాకు భయం. ఈ లోపల కల్పన బండి తాళం తీసి గోడకు తగిలించేసింది. రాములమ్మవాళ్ళు ఎవరిదో ట్రాలీలో నిలబడి పోతున్నారు. రేగొండ నుంచి సంజీవ అనే అతను ఆదివారం బండి చూసుకోవడానికి వస్తాడట, నచ్చితే కొని అదే రోజు తోలుకుపోతాడట. ఆ బండి పోతే కల్పన మళ్ళీ స్టీరింగు పట్టదని, ఎవరూ పట్టనివ్వరని నాకు తెలుసు.

శనివారం పొద్దున నేను అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంటే బషీరున్నీసా పళ్ళెం లాగేసింది. మూడు రోజులుగా సగం సగం విన్నది కలుపుకుని ఆమెకు అంతా అర్థమైపోయింది. "బోల్‌నా హై తో బోల్ దేవ్ జీ," అంది. చెప్పాల్సింది చెప్పేస్తే అన్నం సయిస్తుందని, కడుపులో దాచుకుంటే కుళ్ళుతుందని ఆమె మాట. పళ్ళెం మళ్ళీ ఇవ్వలేదు.

పోయాను. కల్పన వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నిలబడే చెప్పేశాను. ఖాళీ బండికి లైటు పెట్టానని, తప్పు నాదని, ఆమె డిప్పర్ కొట్టిందని నాకు తెలుసునని.

ఆమె చేతిలోని చాటను నడుముకు ఆనించుకుంది. తరువాత అడిగింది. "నీకెప్పుడు ఎరుకైంది?"

"మూడు రోజులైంది."

"మూడు రోజులు!" చేతిలోని చాట కింద పడేసింది. "నేను రోజూ పండుకుంటే గదే సోంచాయిస్తున్నన్నా. నిజంగ గొట్టిన్నా, గొట్టలేదా అని. నా చెయ్యి నాకే యాదికి రాకపాయె. నా మీద నాకే నమ్మకం పాయె. నువ్వేమో మూడు రోజులు చాయ్ తాగుకుంట కూసున్నవ్!"

ఇంకా తిడుతుందనుకున్నాను, కొడితే పడదామనుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకు అంతకంటే సిగ్గైన రోజు లేదు. రేపు ఆదివారం అని గుర్తు చేసి, ఈ రోజే లైట్లు సరిచేస్తానన్నాను. పన్నెండు మందీ ఎక్కాలి, సద్దులతో సహా.

"చేద్దువులే," అంది ఆమె. "గోడ ముందట సరిజేస్తే సరిపోదు. చాంద్యా నిన్న ఇంటికొచ్చిండు. లైట్లు దించినంక నువ్వు పోయి ఆయన పక్కన కూసోవాలె. నేను ఎదురుంగ బండి తెస్త. నీ లైటు నీ కండ్లతోని నువ్వు జూడు. నాకు జెప్పిన మాట ఆయనకు జెప్పు."

మునిమాపుకు అందరూ గోదాం గోడ ముందుకు చేరారు. ఖాళీ బండిలో కల్పన ఒక్కతే కూర్చుని లైటు దించి పెట్టింది. వెలుగు నా సుద్దగీత మీద బుద్ధిగా ఆనింది. రాములమ్మ ఎక్కింది, తరువాత బుచ్చి. ఒక్కొక్కరూ ఎక్కుతుంటే గోడ మీది వెలుగు కొంచెం కొంచెంగా పైకి జరిగింది. పన్నెండో మనిషి కూడా ఎక్కి తలుపు వేసేసరికి అది గీత దాటి జానెడు పైన నిలబడి ఉంది. ఇరవై ఐదడుగులకు జానెడంటే, వందడుగులకు నాలుగు జానలు. చాయ్ హోటల్ నుంచి వచ్చి నిలబడ్డ నలుగురు మగవాళ్ళూ అది చూశారు. గోడే సాక్ష్యం చెప్పింది, నేను నోరు విప్పే పని లేకపోయింది. అయినా విప్పాను.

"తప్పు నాది. గామెది గాదు," అన్నాను, వాళ్ళకు వినబడేలా.

తరువాత మరలు తిప్పడం మొదలుపెట్టాను. ఒకటి సరైతే ఇంకోటి పక్కకు పోతుంది. చాలాసేపు పట్టింది. బండిలో పన్నెండు మంది, ఎక్కడికీ పోకుండా, ఎదురుగా వెలుగుతున్న గోడను చూస్తూ కూర్చున్నారు. నీళ్ళలో మునిగినట్టు అందరూ నెమ్మదించిపోయారు.

"గీ గోడ లేకపోతే మనం గిప్పుడు ఏడికి పోతుంటిమే?" అని రాములమ్మ మెల్లగా అడిగింది.

"సముద్రం కాడికి," అంది బుచ్చి. "నేను ఎన్నడు సూడలే."

"నేను మా అమ్మగారింటికి," అని వెనకనుంచి ఇంకెవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఇంజన్ గుర్రుమంటుంటే బండి ఊగుతోంది, నిజంగానే పోతున్నట్టుగా. ఆ గోడ మీద వాళ్ళకు ఏ దారులు కనబడుతున్నాయో నాకు తెలియదు గానీ, మరలు తిప్పే నా చేతులు మాత్రం చాలా జాగ్రత్తగా కదిలాయి. ఇంత బరువును ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు కదా అని బాధేసింది.

వెలుగు దిగి గీత మీద కూర్చున్నాక, షరతు ప్రకారం నేను ముందుగా ఆటోలో తండాకు పోయాను. చాంద్యా ఇంటి ముందు మంచం మీద, కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. చీకటి పడింది. ఎందుకొచ్చావన్నా అని అడిగితే దారి వైపు చూపించాను. అంతలో దూరంగా దారి మలుపులో సుమో తిరిగింది.

పూర్తి లైటు మా మీద పడింది. చాంద్యా ఉలిక్కిపడి మోచేయి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం కళ్ళు మూయలేదు, మూయకూడదనుకున్నాను. అప్పుడు కల్పన డిప్పర్ కొట్టింది. వెలుగు వంగి మా ముందు మట్టి మీద పరుచుకుంది. దారిలోని రాళ్ళు, మేక పెంటికలు, మంచం కోళ్ళు, చాంద్యా పట్టీ కట్టిన కాలు, అన్నీ కనబడ్డాయి. మా ముఖాలు నీడలోనే ఉన్నాయి. చాంద్యా మెల్లగా మోచేయి దించాడు.

"ఎవలు? కల్పనక్కనా?" అన్నాడు. "మొఖం కనవడుతున్నది."

"ఆమెనే. చాంద్యా, ఆనాడు గూడ గామె గిట్లనే డిప్పర్ గొట్టింది. నా చేతుల్ల తప్పున్నది. లైట్లు నేను పైకి వెట్టిన."

అతను నన్ను చూశాడు, కాలును చూసుకున్నాడు. "కాలు నీదైతే ఎరుకైతుండె అన్నా," అన్నాడు. అంతే. నేను తల వంచుకున్నాను. కల్పన బండి ఆపి దిగి వచ్చింది. ఆమె రాగానే చాంద్యా లేచి కూర్చోబోయాడు, నొప్పికి మళ్ళీ వాలాడు.

"అక్కా, నువ్వు డిప్పర్ గొట్టలేదని నేనే అందరికి జెప్పిన. ఆడామె నడిపితే గిట్లనే అయితదని గూడ అన్న. నన్ను దవాఖానకు తోలుకపోయిన మనిషిని పట్టుకొని అన్న."

కల్పన మంచం పట్టె పట్టుకుని నిలబడి ఏడ్చింది, ఐదు రోజుల ఏడుపు. రాములమ్మ దిగి వచ్చి ఆమె వీపు నిమిరింది. చాంద్యా భార్య అందరికీ చాయ్ పెట్టింది. గ్లాసులు చాలక ఇద్దరిద్దరు ఒకదాంట్లో తాగారు. కల్పన ముక్కు తుడుచుకుని అక్కడే సంజీవకు ఫోన్ చేసి, రేపు రావద్దు, బండి అమ్మడం లేదని చెప్పింది. సోమవారం మిర్చికి ఎన్ని గంటలకు బయల్దేరాలో రాములమ్మతో మాట్లాడుకుంది.

ఆడవాళ్ళందరూ బండెక్కారు. నేను కూడా పోయి ముందు తలుపు మీద చెయ్యి వేశాను. కల్పన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, కళ్ళింకా ఎర్రగానే ఉన్నా, నన్ను సూటిగా చూసింది.

"అన్నా, లైట్లు దించినప్పుడు నీ బరువు లెక్కల వెట్టినవా?"

"లేదమ్మా," అన్నాను.

"అయితే నడిచి రా."

బండిలో పన్నెండు మందీ ఒక్కసారిగా నవ్వారు. మంచం మీద చాంద్యా కూడా నవ్వాడు. సుమో తిరిగి, వెలుగును దారి మీద చాపలా పరుచుకుంటూ పోయింది. వెనక కుంగి ఉంది, అయినా చెట్లన్నీ చీకట్లోనే హాయిగా నిద్రపోతున్నాయి. మా ఊరు మూడు కిలోమీటర్లు. నాకు కోపం రాలేదు, చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది. చెప్పులు తీసి చేత్తో పట్టుకుని నడవడం మొదలుపెట్టాను.